‘బాగానే ఉన్నానమ్మా’.. నిజంగానేనా?

వేసవి ఇంటర్న్‌షిప్ కోసం హైదరాబాద్ వచ్చారా? తిరిగి వెళ్లేటప్పుడు చేతిలో సర్టిఫికెట్ ఉంటే సరిపోదు. ఒంట్లో సత్తువా ఉండాలి!

రాత్రి తొమ్మిదిన్నర. చిక్కడపల్లి సందులో ఓ హాస్టల్. ముగ్గురుండే గది. ఊరి నుంచి అమ్మ ఫోన్.

‘‘తిన్నావా నాన్నా?’’

‘‘తిన్నానమ్మా.’’

తిన్నది సాయంత్రం ఆరింటికి రెండు సమోసాలు, ఒక టీ. మెస్‌కు వెళ్లే ఓపిక లేదు.

‘‘ఒంట్లో బాగానే ఉందా? గొంతు అదోలా ఉందేంటి?’’

‘‘బాగానే ఉన్నానమ్మా. ఏసీలో కూర్చున్నా కదా, అందుకే.’’

నిన్నటి నుంచి ఒళ్లు కాలిపోతోందన్న సంగతి చెప్పలేదు. చెబితే నాన్న తెల్లారేసరికి బస్సెక్కి వచ్చేస్తారు. ఇంటికి తీసుకెళ్తే పది రోజులు పోతాయి. పది రోజులు పోతే సర్టిఫికెట్ రాదేమోనన్న భయం.

ఈ మాటలు మీకూ అలవాటేనా? అయితే ఇది మీకోసమే.

అశోక్‌నగర్, చిక్కడపల్లి, నారాయణగూడ, అంబర్‌పేట్. ఈ పేర్లు చెప్పగానే గుర్తొచ్చేవి హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు, నగర కేంద్ర గ్రంథాలయం, మెస్‌లు. గ్రూప్స్ రాసేవాళ్లతో ఏడాది పొడవునా కిటకిటలాడే ఈ వీధుల్లోకి మే నెల రాగానే మరో గుంపు వచ్చి చేరుతుంది. రెండో ఏడాది, మూడో ఏడాది పరీక్షలు ముగించుకుని ఇంటర్న్‌షిప్‌కు వచ్చిన ఇంజినీరింగ్, డిగ్రీ, ఎంబీఏ విద్యార్థులు. ఉండేది ఇక్కడ. పని మాత్రం చాలామందికి మాదాపూర్, రాయదుర్గం వైపు. ఉండేది ఆరు నుంచి ఎనిమిది వారాలే. ‘ఇంత కొద్దిరోజులకు ఆరోగ్యం గురించి ఆలోచించడం దేనికి?’ అనిపించొచ్చు. కానీ ఈ కొద్దిరోజుల్లోనే రెండు కాలాలు ఎదురవుతాయి. మేలో ఎండలు, జూన్ రెండో వారం తర్వాత వానలు. ఒకటి వడదెబ్బ కాలం, రెండోది జ్వరాల కాలం. పైగా ఇల్లు, తిండి, నీళ్లు, నిద్రవేళలు అన్నీ ఒకేసారి మారిపోతాయి. ఒక్కో మార్పును ఒళ్లు తట్టుకుంటుంది. అన్నీ కలిసి మీద పడితేనే కష్టం.

మా ఊళ్లో ఇంతకంటే ఎండలు!

ఖమ్మం, రామగుండం, నల్గొండ వైపు నుంచి వచ్చినవారు ఈ మాటే అంటారు. నిజమే. అక్కడి ఎండలు హైదరాబాద్ కంటే ఎక్కువే. కానీ ఊళ్లో మిట్టమధ్యాహ్నం మీరు ఎక్కడుంటారు? ఇంట్లో, ఫ్యాను కింద. ఇక్కడ అదే సమయంలో భోజనం కోసం ఏసీ గది నుంచి బయటికొచ్చి, రోడ్డు దాటి, బండి దగ్గర నిల్చుంటారు. మళ్లీ చల్లటి గదిలోకి వెళ్తారు. సాయంత్రం మళ్లీ వేడి. చిక్కడపల్లి నుంచి రాయదుర్గం వెళ్లాలంటే గ్రీన్ లైన్ మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్ దగ్గర బ్లూ లైన్‌లోకి మారాలి. స్టేషన్ వరకు నడక, మెట్లు, దిగాక ఆఫీసు దాకా మళ్లీ నడకో, షేర్ ఆటోనో. అంబర్‌పేట్‌లో మెట్రో లేదు కాబట్టి అక్కడుండేవారు ముందు బస్సో ఆటోనో పట్టుకోవాలి. రోజుకు రెండు, రెండున్నర గంటలు దారిలోనే గడిచిపోతాయి.

కొత్త వేడికి ఒళ్లు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. కాబట్టి మొదటి వారం మరీ జాగ్రత్త.

* గది నుంచి బయల్దేరే ముందే రెండు గ్లాసుల నీళ్లు తాగండి. లీటరు సీసా వెంట ఉంచుకోండి. ఏసీలో దాహం తెలియదు. గంటకోసారి గుర్తుపెట్టుకుని తాగాలి.

* నీళ్లు సరిపోతున్నాయా లేదా అన్నది మూత్రం రంగే చెబుతుంది. లేత పసుపు రంగులో ఉంటే సరే. ముదురు పసుపు రంగులో, తక్కువగా వస్తుంటే ఒంట్లో నీరు తగ్గినట్టే.

* మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల మధ్య వీలైనంత వరకు బయటికి రావొద్దు. పొద్దున్నే డబ్బా కట్టించుకుంటే ఈ తిరుగుడు తప్పుతుంది.

* బాగా చెమట పట్టినా, విరేచనాలైనా ఓఆర్ఎస్ తాగండి. ప్యాకెట్ మొత్తాన్ని దాని మీద రాసినన్ని నీళ్లలోనే సరిగ్గా కలపాలి. సగం ప్యాకెట్ గ్లాసులో కలిపితే ఉప్పు, చక్కెరల పాళ్లు తప్పుతాయి. ప్యాకెట్ లేదా? లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచానే. తలకొట్టి కొలవాలి.

ఇక్కడో సంగతి. ఓఆర్ఎస్ అన్న పేరు తగిలించుకున్న తీపి పానీయాలు చాలాకాలం మందుల దుకాణాల్లో అమ్ముడయ్యాయి. వాటిలో చక్కెర ఎక్కువ, లవణాలు తక్కువ. హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి దీనిపై పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. కాబట్టి దుకాణంలో అడిగేటప్పుడు ‘ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ఓఆర్ఎస్’ అని అడగండి. ప్యాకెట్ మీద ఆ మాట ఉందో లేదో చూసుకోండి.

తోటివారెవరైనా ఎండలో తూలిపోతూ, పొంతన లేకుండా మాట్లాడుతుంటే అది వడదెబ్బ. ఒళ్లు నిప్పులా కాలుతుంటుంది. వెంటనే 108కి ఫోన్ చేయండి. నీడలోకి చేర్చి, దుస్తులు వదులు చేసి, ఒంటి నిండా నీళ్లు చల్లుతూ విసరండి. స్పృహ సరిగా లేనివారికి నోట్లో నీళ్లు పోయొద్దు. ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముంది.

కడుపు నిండితే చాలదు

హాస్టల్ మెస్ అంటే తెల్లన్నం, నీళ్ల పప్పు, బంగాళదుంప వేపుడు. ఆదివారం చికెన్. కడుపు నిండుతుంది కానీ ఒంటికి కావాల్సినవి అందవు. మన తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. రోజుకు 2,000 క్యాలరీల భోజనంలో ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పప్పులు-గుడ్లు-మాంసం వంటివి 85 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు ఉండాలన్నది దాని సూచన. మీ మెస్ పళ్లేన్ని దీంతో పోల్చి చూడండి. లోటు ఎక్కడుందో మీకే తెలుస్తుంది.

ఆ లోటును తక్కువ ఖర్చుతోనే పూడ్చుకోవచ్చు. రోజూ రెండు ఉడికించిన గుడ్లు. గుడ్డు తినకపోతే ఉడికించిన శనగలు, వేయించిన పల్లీలు. ఒక అరటిపండు. మధ్యాహ్నం ఒక కప్పు పెరుగు. మేలో తాటి ముంజలు, కీర దోస బాగా దొరుకుతాయి. ఇవన్నీ వంటతో పనిలేనివే. మెస్‌లో అన్నం ఒక గరిటె తగ్గించి పప్పు ఒక గరిటె ఎక్కువ వేయించుకోవడానికి మొహమాటం వద్దు. నగరంలో నడుస్తున్న 5 రూపాయల భోజన కేంద్రాలను వాడుకోవడానికి నామోషీ పడాల్సిన పనీ లేదు. డబ్బులు చాలక పూట మానేయడం కంటే అది ఎంతో మేలు.

మానకూడనిది పొద్దుటి టిఫిన్. మెట్రో అందదేమోనని ఖాళీ కడుపుతో టీ తాగి పరుగెత్తేవారు పదకొండింటికల్లా తలనొప్పి, కళ్లు తిరగడంతో ఇబ్బంది పడతారు. తలనొప్పికి మాత్ర వేసుకుంటారు. ఖాళీ కడుపున ఆ మాత్ర కడుపులో మంట పెడుతుంది. మంటకు మరో మాత్ర. రెండు ఇడ్లీలతో పోయేదాన్ని రెండు మాత్రల దాకా తెచ్చుకోవడమన్నమాట!

సాయంత్రం బండ్ల మీద తిండి పూర్తిగా మానమనడం లేదు. కానీ కళ్లముందు వేడివేడిగా వేసిచ్చేదే తినండి. కోసిపెట్టిన పండ్ల ముక్కలు, పానీపూరీ నీళ్లు, ఏ నీటితో చేశారో తెలియని ఐసు వద్దు. పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్ తిని జనం జబ్బుపడుతున్నారని రాష్ట్ర ప్రభుత్వం 2024 అక్టోబరు చివర్లో దాన్ని ఏడాది పాటు నిషేధించింది కూడా. షవర్మా, మోమోలు తినాలనిపిస్తే తెల్లటి చట్నీ లేకుండా ఇమ్మనండి.

నీళ్లు ఎక్కడివి?

గదిలో చేరిన రోజే అడగాల్సిన ప్రశ్న ఇది. మంచం మెత్తగా ఉందా, వైఫై వస్తుందా అని అడుగుతాం కానీ తాగునీటి సంగతి అడగం. ఫిల్టర్ ఉంటే ఎప్పుడు మార్చారో కనుక్కోండి. క్యాన్ అయితే మూతకు సీల్ ఉందా చూడండి. నమ్మకం కుదరకపోతే ఎలక్ట్రిక్ కెటిల్ కొనుక్కోండి. నీళ్లు తెర్లి, ఒక నిమిషం పాటు మరిగితే టైఫాయిడ్, కామెర్లు తెచ్చే క్రిములు చచ్చిపోతాయి. తొలి వానలకు పైపుల్లోకి మురుగు చేరే అవకాశం ఎక్కువ. నీటికి రంగో వాసనో వస్తే హాస్టల్ యజమానికి వెంటనే చెప్పండి.

ఊరి నుంచి బయల్దేరడానికి కనీసం రెండు వారాల ముందు టైఫాయిడ్ టీకా వేయించుకుంటే మరీ మంచిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందిన తొలి టైఫాయిడ్ కాంజుగేట్ టీకా తయారైంది హైదరాబాద్‌లోనే. ఒక్క ఇంజెక్షన్ చాలు. మీకు సరిపడుతుందో లేదో డాక్టరును అడిగి వేయించుకోండి.

కూలర్‌లో దాగిన దోమ

హుస్సేన్‌సాగర్ నుంచి మొదలయ్యే నాలా ఈ బస్తీల పక్క నుంచే సాగి మూసీలో కలుస్తుంది. దోమలు కుడితే అందరం నాలానే తిట్టుకుంటాం. మురుగులో పెరిగే దోమలు వేరు. డెంగీ తెచ్చే ఏడిస్ దోమ వేరు. దానికి మురుగు అక్కర్లేదు. మంచినీళ్లే కావాలి. మీ గదిలోని కూలర్ అడుగున నిలిచిన నీళ్లు దానికి పుట్టిల్లు. మే నెలంతా తిప్పిన కూలర్‌ను వానలు పడగానే ఆపేసి మూలకు నెడతారు. అందులోని నీళ్లను మాత్రం పారబోయరు. వారం పది రోజుల్లో గుడ్లు దోమలవుతాయి.

కాబట్టి వారానికోసారి కూలర్ ఖాళీ చేసి, అడుగు బాగా రుద్ది ఆరబెట్టండి. ముందు ప్లగ్ తీశాకే కూలర్‌ను ముట్టుకోండి. తడి చేతులతో ముట్టుకుని విద్యుదాఘాతానికి గురైనవారున్నారు. డాబా మీది బకెట్లు, మూతలేని డ్రమ్ములు కూడా చూడండి. ఏడిస్ పగటిపూట కుడుతుంది. అందుకే ఆదివారం మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడూ ఫ్యాను, దోమతెర అవసరమే.

జ్వరాన్ని దాచొద్దు

ఇదే అన్నింటికంటే ముఖ్యం. మొదట్లో చెప్పిన ఫోన్ సంభాషణ గుర్తుంది కదా! అక్కడ ప్రమాదం జ్వరంలో లేదు, దాన్ని దాచడంలో ఉంది.

జ్వరం వస్తే పారాసిటమాల్ వేసుకుని, నీళ్లు బాగా తాగి విశ్రాంతి తీసుకోండి. ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు వద్దు. అది డెంగీ అయితే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. పక్క మంచం మిత్రుడి దగ్గర మిగిలిపోయిన యాంటీబయాటిక్ అసలే వద్దు. రెండు రోజులకు తగ్గకపోతే డాక్టరును కలవాల్సిందే.

డెంగీలో చాలామంది మోసపోయేది ఒక దగ్గరే. మూడు నుంచి ఏడో రోజు మధ్య జ్వరం దిగుతుంది. ‘తగ్గిపోయింది’ అనుకుని ఆఫీసుకు బయల్దేరతారు. నిజానికి జాగ్రత్తగా ఉండాల్సింది అప్పుడే. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లు లేదా ముక్కు నుంచి రక్తం, విపరీతమైన నీరసం, మగత, మూత్రం తగ్గడం.. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా గంట కూడా ఆగొద్దు. మొదటి ఐదు రోజుల్లో అయితే ఎన్ఎస్1 పరీక్షతో డెంగీ తెలుస్తుంది. టైఫాయిడ్ విషయంలో ఒక్క విడాల్ పరీక్ష చూసి తేల్చేయలేం. రక్తం కల్చర్ పరీక్ష నమ్మదగినది. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే దానికి రక్తం ఇవ్వాలి. టైఫాయిడ్ అని తేలాక, జ్వరం తగ్గినా మందులు డాక్టరు చెప్పినన్ని రోజులూ వాడాలి. మధ్యలో ఆపేస్తే తిరగబెడుతుంది.

అదృష్టం ఏమిటంటే మీరుంటున్న చోటుకు జ్వరాల ఆసుపత్రి దగ్గరే. నల్లకుంటలోని ఫీవర్ హాస్పిటల్‌ను పాతకాపులు ఇప్పటికీ కోరంటి దవాఖానా అంటారు. అంటురోగులను విడిగా ఉంచే ‘క్వారంటైన్’ మాటే జనం నోట్లో కోరంటిగా మారింది. ఆసుపత్రికి సర్ రొనాల్డ్ రాస్ పేరు పెట్టారు. దోమలో మలేరియా క్రిమిని ఆయన 1897 ఆగస్టు 20న గుర్తించింది సికింద్రాబాద్‌లోనే. ముషీరాబాద్‌లో గాంధీ ఆసుపత్రి ఉంది. దాని పేరుతోనే గ్రీన్ లైన్‌లో మెట్రో స్టేషన్ కూడా ఉంది. చిన్న ఇబ్బందులకు బస్తీ దవాఖానాలున్నాయి. మీ వీధికి దగ్గర్లో ఏది ఉందో చేరిన రోజే కనుక్కోండి. జ్వరం వచ్చాక వెతకడం కష్టం.

కుర్చీ, కన్ను, కునుకు

కాలేజీలో గంటకోసారి గది మారతాం. ఆఫీసులో ఎనిమిది గంటలు ఒకే కుర్చీ. ల్యాప్‌టాప్‌ను ఒళ్లో పెట్టుకుంటే మెడ వంగిపోతుంది. కింద రెండు పుస్తకాలు పెట్టి తెరను కంటి ఎత్తుకు తెండి. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి. ప్రతి 20 నిమిషాలకు 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్ల పాటు చూస్తే కళ్ల అలసట తగ్గుతుంది.

అమ్మాయిలకు ఒక మాట. దారిలో, ఆఫీసులో టాయ్‌లెట్ బాగుండదని నీళ్లు తాగడం మానేయడం, మూత్రం ఆపుకోవడం వల్ల మూత్రంలో ఇన్‌ఫెక్షన్లు వస్తాయి. మంట, మాటిమాటికీ వెళ్లాలనిపించడం, చలి జ్వరం ఉంటే డాక్టరుకు చూపించుకోండి. మెట్రో స్టేషన్లలో టాయ్‌లెట్లు ఉన్నాయి. వాడుకోండి.

ఏడెనిమిది గంటల నిద్రకు బేరం లేదు. గదిలో ఒకరు రాత్రి రెండింటి దాకా చదువుతారు, ఒకరు ఫోన్ మాట్లాడతారు. మొదటి రోజే ముగ్గురూ కూర్చుని లైటు ఆర్పే వేళ మాట్లాడుకోండి. సాయంత్రం ఐదు తర్వాత టీ, కాఫీలు తగ్గించండి.

మనసూ అలసిపోతుంది

‘పక్కవాడికి అన్నీ వచ్చు, నాకేమీ రాదు’. తొలి రెండు వారాల్లో చాలామందికి ఇలాగే అనిపిస్తుంది. నేర్చుకోవడానికే వచ్చారు కదా! రానిది అడగడం తప్పు కాదు. కొందరికి దీనికి పూర్తిగా వ్యతిరేకమైన బాధ. పనే ఇవ్వరు. రోజంతా ఖాళీగా కూర్చోబెడతారు. ఇంకొందరు ఇంటర్న్‌షిప్ ఇప్పిస్తామన్నవారికి డబ్బులు కట్టి మోసపోతారు. ఆ సంగతి ఇంట్లో చెప్పలేక కుమిలిపోతారు. మోసపోవడం మీ తప్పు కాదు. 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

పనిచోట ఎవరైనా అసభ్యంగా ప్రవర్తిస్తే ‘నేను ఇంటర్న్‌నే కదా’ అని ఊరుకోవద్దు. 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం శిక్షణలో ఉన్న అమ్మాయిలకూ వర్తిస్తుంది. పది మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ప్రతి చోటా ఫిర్యాదుల కమిటీ ఉండాలి. మూడు నెలల్లోపు ఫిర్యాదు చేయాలి.

రెండు వారాలకు పైగా నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, బతకాలనిపించకపోవడం.. ఇలా ఉంటే 14416 నంబరుకు ఫోన్ చేయండి. ఇది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్. ఉచితం. 24 గంటలూ పనిచేస్తుంది. తెలుగులోనే మాట్లాడొచ్చు. బతకొద్దన్న ఆలోచన వస్తే మాత్రం రెండు వారాలు ఆగక్కర్లేదు. ఆ క్షణమే ఫోన్ చేయండి. పక్కనున్న వారికి చెప్పండి.

చేరకముందే అడగాల్సినవి

* రోజుకు ఎన్ని గంటలు? వారానికి ఎన్ని రోజులు?

* జబ్బుచేస్తే ఎన్ని రోజులు సెలవు ఇస్తారు? పోయిన రోజులను తర్వాత పూర్తిచేయొచ్చా? జవాబు మెయిల్‌లో తీసుకోండి. సర్టిఫికెట్ భయంతో జ్వరాన్ని దాచే అవసరమే రాదు.

* ఇబ్బంది వస్తే ఆఫీసులో ఎవరికి చెప్పాలి? కాలేజీలో ఎవరికి చెప్పాలి?

* కొన్ని రోజులు ఇంటి నుంచి పనిచేసే వీలుందా?

అమ్మానాన్నలకు

‘తిన్నావా?’ అని అడిగితే ‘తిన్నాను’ అనే వస్తుంది. ‘ఏం తిన్నావు? ఎన్నింటికి?’ అని అడగండి. వారానికి రెండుసార్లు వీడియో కాల్ చేస్తే ముఖం చూస్తారు. గదిలో ఉండే మరొకరి నంబరు, హాస్టల్ యజమాని నంబరు దగ్గరుంచుకోండి. జ్వరమని చెప్పగానే ‘నీకు జాగ్రత్త లేదు’ అని కోప్పడొద్దు. కోప్పడితే వచ్చేసారి చెప్పరు. ‘చెప్పి మంచి పని చేశావు. డాక్టరు దగ్గరికి వెళ్లు. సర్టిఫికెట్ సంగతి తర్వాత చూద్దాం’ అనండి. ఆ ఒక్క మాటతో పిల్లల గుండెల మీది బరువు దిగిపోతుంది.

మీరూ అంతే. ఈ రాత్రి అమ్మ ఫోన్ చేసినప్పుడు ఉన్నదున్నట్టు చెప్పండి. ఇంటర్న్‌షిప్ వచ్చే వేసవిలోనైనా దొరుకుతుంది. ఆరో రోజు దాకా దాచిన జ్వరం అంత గడువు ఇవ్వకపోవచ్చు.